ఆ ఫోటోకి నూట ఇరవై మెసేజ్‌లు, మా గెట్టు మీద మనుబోతుకి ఒక్కటీ లేదు

పాటన్‌బోరి_పత్తి | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. పత్తి ఏరడం మొదలయ్యాక ఇటు రావడం కుదరలేదు. ఇవాళ కూలీలు రాలేదు కాబట్టి రాస్తున్నాను.

మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. ఎవరో తెల్లాయన, చచ్చిన సింహం వెనకాల మోకాళ్ల మీద కూర్చుని, జూలు పట్టుకుని దాని తల కెమెరా వైపు తిప్పి నవ్వుతున్నాడు. ఎక్కడిదో, ఏ ఏటిదో ఎవరికీ తెలియదు, ఫార్వర్డ్. హైదరాబాద్‌లో ఉండే మా మేనకోడలు "వీణ్ని కూడా ఇలాగే కూర్చోబెట్టి కాల్చాలి" అని పెట్టింది. ఇక మొదలు. మా బామ్మర్ది, చిన్నాన్న కొడుకులు, దుబాయ్‌లో ఉన్న అల్లుడు, అందరూ తిట్టేవాళ్లే. రాత్రికి నూట ఇరవై మెసేజ్‌లు.

అదే రోజు తెల్లవారుజామున మా పక్క చేను గెట్టు మీద మనుబోతు (నీల్‌గాయ్) చచ్చి పడింది. పందుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలింది. కాళ్లు కొయ్యల్లా బిగుసుకుపోయాయి, నోట్లో ఇంకా పత్తి ఆకు ఉంది. ఆ ఫోటో కూడా గ్రూపులో పెట్టాను. ఒక్కరూ పలకలేదు. మా అక్క మాత్రం "పొద్దున్నే ఇదేం దరిద్రంరా, తీసెయ్" అంది. తీసేశాను.

కొత్తవాళ్ల కోసం చెప్తున్నా: పాటన్‌బోరి అంటే ఆదిలాబాద్ నుంచి నాగ్‌పూర్ రోడ్డు మీద పెన్‌గంగ దాటాక వచ్చే ఊరు. జిల్లా యవత్మాల్. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. టిపేశ్వర్ అభయారణ్యం సున్నా గేటు మాకు దగ్గరే. సెలవు రోజుల్లో నాగ్‌పూర్ కార్లు, హైదరాబాద్ కార్లు పులి కనపడాలని మొక్కుకుంటూ మా ముందు నుంచే పోతాయి. మేమేమో కనపడకూడదని మొక్కుకుని చేనుకు పోతాం.

ట్రోఫీ వేటను సమర్థించడానికి ఇది రాయడం లేదు. తలకాయ గోడకు తగిలించుకోవడానికి డబ్బు కట్టి మరీ చంపడం తలుచుకుంటే నాకూ కడుపులో తిప్పుతుంది. కానీ ఆ కోపం పెన్‌గంగ దాటి ఇటు రాదా? అదే అడగాలనిపించింది.

నల్లకుంట_పిట్ట | రాత్రి 10:05

అన్నా, మీ మేనకోడలి తరఫున నేను మాట్లాడతా. మాది రాజురా, ఉద్యోగం హైదరాబాద్‌లో. కాబట్టి "పట్నపోళ్లకేం తెలుసు" అని నన్ను అనడానికి లేదు.

2015 జులైలో జింబాబ్వేలో సెసిల్ అనే సింహాన్ని అమెరికా డెంటిస్ట్ చంపినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నా. హ్వాంగే నేషనల్ పార్క్ సింహం అది. 13 ఏళ్లది, నల్ల జూలు. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు దాని మెడకు కాలర్ కట్టి ఏళ్ల తరబడి అది ఎక్కడ తిరుగుతోందో రాసుకుంటున్నారు. పార్కు బయటికి వచ్చినప్పుడు మొదట బాణంతో కొట్టారు. అది వెంటనే చావలేదు. గాయంతో గంటలకొద్దీ ఉన్నాక మళ్లీ వెతికి పట్టుకుని చంపారు. తల నరికి, తోలు ఒలిచారు. దీనికి ఆయన 50 వేల డాలర్లు కట్టాడని పేపర్లు రాశాయి. అప్పటి లెక్కలో ముప్పై లక్షల రూపాయల పైమాటే.

వారం రోజులు నేను సరిగ్గా అన్నం తినలేదు, నవ్వితే నవ్వండి. ఊరికే ఏడ్చి వదిలేశారు అనుకోకండి. ఆగస్టులోనే డెల్టా లాంటి విమాన సంస్థలు సింహం, ఏనుగు, ఖడ్గమృగం తలకాయలు మేం మోయం అన్నాయి. ఆ డిసెంబర్‌లో అమెరికా సింహాలను తన అంతరించిపోయే జాతుల చట్టం కిందికి తెచ్చింది. ఆక్స్‌ఫర్డ్ బృందానికి పది లక్షల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి. ఇవన్నీ ఏడుపు బొమ్మలతో మొదలైనవే.

2017లో సెసిల్ కొడుకు జాండాని కూడా వేటాడి చంపేశారు. అది చట్టప్రకారమేనట.

బల్లార్షా_బొగ్గు | రాత్రి 10:22

"చట్టప్రకారమేనట" అన్నావు చూడు చెల్లీ, అక్కడ ఆగు. ఆ డెంటిస్ట్ మీద కూడా కేసు పెట్టలేదు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయని 2015 అక్టోబర్‌లో జింబాబ్వే మంత్రే చెప్పారు. ప్రపంచమంతా దొంగ అన్నవాడు అక్కడి రికార్డుల్లో టూరిస్ట్.

ఇంకో ముచ్చట. ఆ గొడవ జరుగుతుండగానే, జింబాబ్వే పల్లెలో పుట్టి అమెరికాలో చదువుకుంటున్న ఒక విద్యార్థి న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాశాడు. మా ఊళ్లో సింహం అంటే ముద్దుపేరు ఉన్న బొమ్మ కాదు, రాత్రి బయటికి పోనివ్వని భయం అని దాని సారాంశం. అతన్ని కూడా తిట్టారు.

మన దగ్గరికి వద్దాం. 2018 నవంబర్ 2 రాత్రి యవత్మాల్ జిల్లా రాళేగావ్ వైపు ఆడపులిని కాల్చి చంపారు. ఫారెస్టోళ్ల కాగితాల్లో అది టీ-1. అక్కడి ఊళ్లవాళ్లకు ఉత్త "వాఘీణ్", మరాఠీలో ఆడపులి అని. టీవీలో "అవని" అని వచ్చాక దేశమంతా ఏడ్చింది. పేరు బాగుంది, కాదనను, మన భాషలో కూడా అవని అంటే భూమి. ఆ పులి 13 మందిని చంపిందన్నారు. గూగుల్ చేయకుండా ఆ పదముగ్గురిలో ఒక్కరి పేరు చెప్పండి చూద్దాం.

పాటన్‌బోరి_పత్తి | రాత్రి 10:31

ఒకరి పేరు నాకు తెలుసు. మా మేనమామ వాళ్ల ఊరి వైపు. ఇక్కడ రాయను, వాళ్ల ఇంట్లోవాళ్లు ఉన్నారు.

బల్లార్షా_బొగ్గు | రాత్రి 10:33

సారీ అన్నా.

నల్లకుంట_పిట్ట | రాత్రి 10:58

నాకు పేరు తెలియదు. ఒప్పుకుంటున్నా. నా మాట కూడా వినండి.

ఆ పులిని పట్టాలా, చంపాలా అన్న దాని మీద గొడవ కోర్టులదాకా పోయింది. మొదట మత్తుమందుతో పట్టాలి, కుదరకపోతేనే చంపాలి అన్నది అడవి శాఖ ఉత్తర్వు. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులో జోక్యం చేసుకోలేదు. సరే. ఏనుగులు తెచ్చారు, కుక్కలు తెచ్చారు, పారాగ్లైడర్ తెచ్చారు, చివరికి మగవాళ్లు పూసుకునే విదేశీ సెంటు కూడా చెట్లకు చల్లారు, ఆ వాసనకు పులి వస్తుందని. (ఇది జోక్ కాదు, కాల్విన్ క్లీన్ వాళ్ల అబ్సెషన్.) ఇంతా చేసి చివరికి రాత్రిపూట, పశువుల డాక్టర్ పక్కన లేకుండా, హైదరాబాద్ నుంచి వచ్చిన షూటర్ కాల్చాడు. అనుమతి వాళ్ల నాన్న పేరు మీద ఉంటే కాల్చింది కొడుకు. నిబంధనలు పాటించలేదని జాతీయ పులుల సంరక్షణ సంస్థ పంపిన బృందమే తప్పుపట్టింది. ఒంటిమీద దొరికిన మత్తు సూది చచ్చాక గుచ్చిందేమో అన్న అనుమానం కూడా వచ్చింది.

దానికి ఏడాది కూడా నిండని రెండు పిల్లలు. ఒక ఆడపిల్లను డిసెంబర్‌లో పట్టుకుని పెంచ్ పులుల అడవికి తీసుకుపోయారు. 2021 మార్చిలో అడవిలో వదిలితే కొన్నాళ్లకే ఇంకో పులితో కొట్లాటలో గాయపడి చచ్చిపోయింది.

ఇంకొకటి, ట్రోఫీ గురించి కదా మాట్లాడుతున్నాం. చంపినవాళ్లకు బహుమతులు ఇవ్వొద్దని కోర్టు ముందే చెప్పినా ఊళ్లో సంబరం చేసి వెండి పులి బొమ్మ ఇచ్చారని సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. 2021లో అది ముందుకు సాగలేదు, అది వేరే సంగతి. గోడ మీద తలకాయకీ, షోకేసులో వెండి పులికీ తేడా ఏమిటో మీరే చెప్పండి.

కిన్వట్_కాకా | రాత్రి 11:20

బిడ్డా, తేడా నేను చెప్తా. ముసలోణ్ని, నిద్ర పట్టదు, కాబట్టి కొంచెం పొడుగు రాస్తా.

మా కిన్వట్, మీ రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేవి, నిజాం ఇలాకా. అప్పుడు ఈ అడవులన్నీ షికారు అడవులు. మా తాత హాకా కొట్టేవాడు. హాకా అంటే ఇప్పటి పిల్లలకు తెలియదేమో. అర్ధచంద్రంలా యాభై అరవై మంది నిలబడి, డప్పులు, నూనె డబ్బాలు వాయించుకుంటూ, కేకలు పెట్టుకుంటూ పులిని ఒక వైపుకు తోలుకుపోవాలి. అటు చివర మంచె మీద సాహెబు తుపాకీతో కూర్చుంటాడు. ఆయన పక్కన టిఫిన్ డబ్బా, చల్లని నీళ్లు. మా వాళ్ల చేతిలో కర్ర. రోజంతా కొడితే ఇన్ని జొన్నలు, ఒక బెల్లం ముక్క.

ఒకసారి పులి ముందుకు పోక వెనక్కి తిరిగింది. తాత ఎడమ భుజం మీద నాలుగు గీతలు. నేను చిన్నప్పుడు ఆయన వీపు రుద్దేటప్పుడు ఆ గీతల్లో వేలు పెట్టేవాణ్ని, లోపలికి దిగేది. తర్వాత సాహెబు ఆ పులిని కొట్టాడు, దాని మీద కాలు పెట్టి ఫోటో దిగాడు. హాకా కొట్టినవాళ్లను ఫోటో దగ్గరికి రానివ్వలేదు. పులి తోలు సాహెబు గోడ మీదికి పోయింది. పులి గుర్తు తాత భుజం మీద ఉండిపోయింది.

ట్రోఫీ అంటే అది బిడ్డా. చావు భయం ఒకడిది, ఫోటో ఇంకొకడిది. రాళేగావ్ వాళ్లు సంబరం చేశారంటే, రెండేళ్లు పొద్దు గుంకితే తలుపు వేసుకున్నోళ్లు చేశారు. అది మంచిదని అనను. కానీ అమెరికా డాక్టరుకు, వాళ్లకు ఒకే పేరు పెట్టకు.

ఆరో నిజాం ముప్పై పులుల్ని కొట్టాడని, "తీస్ మార్ ఖాన్" అన్న మాట అట్లా పుట్టిందని మా పెద్దలు చెప్పేవారు. నిజమో అబద్ధమో గానీ, ఇప్పుడు ఆ మాట గప్పాలు కొట్టేవాళ్లకు మిగిలింది.

సింహం_గర్జన్99 | రాత్రి 11:24

మరి కోడి తినేటప్పుడు గుర్తు రాదా ఏడుపు 😂 అందరూ నాటకాలే

బల్లార్షా_బొగ్గు | రాత్రి 11:26

వచ్చాడు. కోడి ఎక్కడున్నా వీడు వస్తాడు.

వేదిక_నిర్వాహకులు | రాత్రి 11:40

వ్యక్తిగత దూషణలున్న రెండు వ్యాఖ్యలు తొలగించాం. కోళ్ల మీద వేరే చర్చ ఉంది, అక్కడికి వెళ్లండి.

సిరొంచ_మాస్టారు | ఆదివారం, ఉదయం 6:50

కాకా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మా ఆవిడకు చదివి వినిపించాను కూడా.

కాకా చెప్పిన కాలానికి ఒక లెక్క కలుపుతాను. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా మహారాజు ఒక్కడే 1,100కు పైగా పులుల్ని చంపాడని ప్రసిద్ధి. ఆ పక్కనే కొరియా సంస్థానం రాజు 1947లో ఒకే రాత్రి మూడు చీతాలను కొట్టాడు. మన దేశంలో రికార్డైన చివరి చీతాలు అవే అంటారు. 1952లో చీతా ఇక దేశంలో లేదని ప్రకటించారు. 2022లో నమీబియా నుంచి విమానంలో తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునో అడవిలో వదిలినవి ఆ ఖాళీ నింపడానికే. అంటే మన రాజుల సరదాకు మనం ఇప్పటికీ విమాన ఛార్జీ కడుతున్నాం.

ఇప్పుడు ఆ నమీబియా సంగతి. పిట్ట గారికి ఇది నచ్చకపోవచ్చు. 2014లో అమెరికాలో ఒక వేట క్లబ్బు, నమీబియాలో ఒక నల్ల ఖడ్గమృగాన్ని వేటాడే అనుమతిని వేలం వేస్తే 3,50,000 డాలర్లు పలికింది. ప్రపంచమంతా మండిపడింది. పాడుకున్నాయనకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. వాళ్ల వాదన ఏమిటంటే, పిల్లల్ని పుట్టించే వయసు దాటిన, దూడలను పొడిచి చంపే ముసలి మగదాన్ని ఎంచి ఇస్తాం, ఆ డబ్బు మిగతా వాటి కాపలాకు వాడతాం అని. పాకిస్తాన్ కొండల్లో మార్ఖోర్ అనే మెలికల కొమ్ముల అడవి మేక ఉంది. దాని వేట అనుమతులు లక్ష డాలర్లు దాటి అమ్ముడుపోతాయి, అందులో 80 శాతం ఆ లోయ జనానికే. బడికి, ఆసుపత్రికి వాడుకుంటారు. వాళ్లే దొంగ వేటగాళ్లను పట్టుకోవడం మొదలుపెట్టారు. 2015లో మార్ఖోర్‌ను "ప్రమాదంలో ఉన్న జాతి" వరుస నుంచి రెండు మెట్లు కిందికి, అంటే మెరుగైన స్థితికి మార్చారు.

అలా అని అంతటా ఇదే నీతి నడుస్తోందని కాదు. దక్షిణాఫ్రికాలో సింహాలను కంచెల్లో పెంచి, పిల్లలుగా ఉన్నప్పుడు టూరిస్టులతో పాలు పట్టించి, పెద్దయ్యాక అదే కంచెలో కాల్పించే వ్యాపారం ఏళ్ల తరబడి సాగింది. దాన్ని వేట అనడానికి కూడా నోరు రాదు.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఆ మేక మార్ఖోర్ లోయ వాళ్లది అయింది. మన పులి ఎవరిది? జాతీయ జంతువు, ప్రభుత్వ ఆస్తి, టూరిస్టుల ఫోటో. దానితో రాత్రిళ్లు పంచుకునేవాడికి మాత్రం అది ఎప్పుడూ పరాయిదే.

జర్మనీ_తెలుగోడు | ఉదయం 11:15

నమస్తే మాస్టారూ. మాది చంద్రపూర్, ఇప్పుడు మ్యూనిక్. 2024లో ఇక్కడ జరిగిన తమాషా చెప్తా. వేట తలకాయల దిగుమతిని కట్టడి చేయాలని జర్మనీ అంటే, బోట్స్‌వానా అధ్యక్షుడికి కోపం వచ్చి "మీకు 20,000 ఏనుగుల్ని పంపిస్తాం, మేం బతుకుతున్నట్టే మీరూ వాటితో బతకండి" అన్నాడు. ఆ దేశంలో లక్షా ముప్పై వేల దాకా ఏనుగులున్నాయి. ఆఫీసులో అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను, మా చిన్నమ్మ వాళ్లది చింతలమానెపల్లి.

సిరొంచ_మాస్టారు | ఉదయం 11:32

అయ్యో. 2024 ఏప్రిల్‌లో మా గడ్చిరోలి వైపు నుంచి ఏనుగు ప్రాణహిత దాటి పోయి ఇద్దరు రైతుల్ని చంపింది ఆ వైపే కదా. వరుసగా రెండు రోజుల్లో ఇద్దరు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా 2021లో ఏనుగుల గుంపు మా జిల్లాకు వచ్చింది. అంతకుముందు మాకు ఏనుగు అంటే కమలాపూర్ క్యాంపులో స్నానం చేసే ఏనుగే. పిల్లల్ని తీసుకుపోయి అరటిపళ్లు పెట్టించేవాళ్లం.

నల్లకుంట_పిట్ట | మధ్యాహ్నం 12:10

మాస్టారూ, మార్ఖోర్ లెక్క నాకు తెలుసు. ఒక్కటి అడుగుతా. రేపు మన దగ్గర పులికి ఒక వేలం పెడితే ఆ డబ్బు పాటన్‌బోరి అన్న దాకా వస్తుందా? 2022 లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద 3,682 పులులు, మహారాష్ట్రలో 444, తెలంగాణలో 21. ఇంత చిన్న లెక్కలో ఎంతని వేలం వేస్తారు? పైగా "ముసలి మగపులి" అని కాగితం ఇచ్చి చేతికందిన దాన్ని కొట్టరని గ్యారంటీ ఏమిటి? అవని విషయంలో కాగితం ఒకరి పేరు మీద, తుపాకీ ఇంకొకరి చేతిలో అని ఇప్పుడే చెప్పుకున్నాం.

సిరొంచ_మాస్టారు | మధ్యాహ్నం 12:18

రాదు. ఒప్పుకున్నా. మన దగ్గర వేలం వద్దనే నేనూ అంటాను. 1972 వన్యప్రాణుల చట్టం వేటను మూసేసింది, అది మూసే ఉండాలి. నేను అడిగింది వేట గురించి కాదు, వాటా గురించి.

రాజురా_వాచర్ | మధ్యాహ్నం 2:45

చాలాసేపటి నుంచి చదువుతున్నా. అడవి శాఖలో రోజుకూలీ వాచర్‌ని, పర్మనెంట్ కాదు. ఊరు, సంవత్సరం చెప్పను, నా కూలి పోతుంది.

తీగ తగిలి చచ్చిన పులిని నేను దగ్గర నుంచి చూశాను. పదకొండు వేల ఓల్టుల కరెంటు లైనుకు వెదురు కర్రతో కొండీ వేసి, అక్కడి నుంచి జీఐ తీగ చేను చుట్టూ లాగారు. భూమికి మోకాలి కంటే కింద. ఇన్సులేటర్లు ఏమిటో తెలుసా, ఖాళీ క్వార్టర్ సీసాలు. కర్రకు సీసా బోర్లించి దాని మీద తీగ చుట్టారు. ఎవరు నేర్పారో గానీ మా వైపు అందరికీ వచ్చు.

మేం పోయేసరికి తెల్లారింది. పక్కకు పడుకున్నట్టే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, చీమలు పట్టాయి. ముందు కాలి మీద బొటనవేలు వెడల్పున నల్లటి గీత, అక్కడ వెంట్రుకలు మాడిన వాసన. ఇంకెక్కడా దెబ్బ లేదు. గడ్డి మీద నాలుగు అడుగుల దూరం గోకిన గుర్తులు.

పోస్టుమార్టం అయ్యాక గోళ్లు లెక్కపెట్టే పని నాకు ఇచ్చారు. ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి, మొత్తం పద్దెనిమిది. కోరపళ్లు నాలుగు. మీసాలు కూడా చూస్తారు. ఒక్కటి తగ్గినా దొంగతనం కేసు. లెక్క సరిపోయాక, రాసుకుని, ఫోటోలు తీసుకుని, అందరి ముందు కట్టెల మీద మొత్తం కాల్చేశాం, గోరు కూడా మిగలకుండా. ఎందుకంటే మన చట్టంలో ట్రోఫీ అంటే గోడ మీది తలకాయ ఒక్కటే కాదు. దాచుకున్న తోలు, గోరు, పన్ను, వెంట్రుక అన్నీ ట్రోఫీలే. ఆ మాట నేను నేర్చుకుంది ఆ మంట దగ్గర.

ఆ చేను రైతును అప్పటికే పట్టుకున్నారు. జీపు పక్కన నేల మీద కూర్చున్నాడు. నాకంటే చిన్నోడు. "పంది కోసం పెట్టిన సార్, పంది కోసం" అని అదే మాట. పులి కాలుతుంటే ఆ పొగ వైపు చూసి ఏడ్చాడు. పులి కోసమో, తన కోసమో నాకు తెలియదు. వాళ్ల ఆవిడ దూరంగా ఏపచెట్టు కింద చంటిదాన్ని ఎత్తుకుని నిలబడింది.

ఇంకో రకం కూడా ఉంది, దాన్ని దీంతో కలపొద్దు. 2025 జనవరిలో మా రాజురా దగ్గరే పేరుమోసిన పులుల వేటగాణ్ని పట్టుకున్నారు. వాళ్లు వంశపారంపర్యంగా ఇనప ఉచ్చులు పెట్టి పట్టేవాళ్లు. తోలు, ఎముకలు సరిహద్దులు దాటిపోతాయి. వాళ్ల మీద మీ మేనకోడలు ఎంత తిట్టినా తక్కువే. కాగజ్‌నగర్‌లో 2024 జనవరిలో రెండు పులులు చచ్చినప్పుడు మాత్రం విషం పెట్టింది బయటి గ్యాంగ్ కాదు, పశువు పోయిన మంట మీద ఉన్న ఊరి మనుషులే అని కేసు. మూడు చావులు, మూడు రకాల మనుషులు. ఫేస్‌బుక్‌లో మాత్రం అన్నిటికీ ఒకటే కామెంట్, "ఉరి తీయండి" అని.

నల్లకుంట_పిట్ట | మధ్యాహ్నం 3:20

అన్నా, ఇది చదివి చాలాసేపు ఏం రాయాలో తెలియలేదు.

నేను "ఉరి తీయండి" అని రాసినదాన్నే. కాగజ్‌నగర్ అప్పుడు. చూశాను, ఇప్పటికీ ఉంది ఆ కామెంట్.

కిన్వట్_కాకా | మధ్యాహ్నం 3:31

ఉంచు బిడ్డా, తీసెయ్యకు. కింద ఈయన రాసింది కూడా పెట్టు.

బల్లార్షా_బొగ్గు | మధ్యాహ్నం 3:50

వాచర్ అన్నా, ఎండలో పద్దెనిమిది గోళ్లు లెక్కపెట్టినందుకు నీకు ఆ రోజు కూలి ఎంత ఇచ్చారు?

రాజురా_వాచర్ | మధ్యాహ్నం 3:58

ఎప్పటి కూలే. రెండు నెలలకు పడింది.

జర్మనీ_తెలుగోడు | సాయంత్రం 4:15

తీగకు బదులు ఏం చేయొచ్చో ఎవరైనా చెప్తారా? సీరియస్‌గా అడుగుతున్నా. చిన్నమ్మ వాళ్లకు డబ్బు పంపగలను.

పాటన్‌బోరి_పత్తి | సాయంత్రం 6:40

ఇప్పుడే చేను నుంచి వచ్చాను. అన్నీ చదివాను.

తమ్మీ, మా వైపు "ఝట్కా మిషన్" అంటారు. చిన్న సోలార్ ప్లేటు, ఒక బ్యాటరీ, ఒక డబ్బా. తీగ చుట్టూ లాగుతారు గానీ కరెంటు ఆగకుండా పారదు, సెకనుకో రెండు సెకన్లకో ఒక దెబ్బ. తగిలితే మనిషైనా పందైనా ఎగిరి అవతల పడుతుంది, చావదు. నాకు రెండుసార్లు తగిలింది, మోచేయి దాకా జివ్వుమంది, మా ఆవిడ పడీపడీ నవ్వింది. పక్కన నిలబడితే టక్, టక్ అని చప్పుడు వినిపిస్తుంటుంది. ఆ చప్పుడు ఆగితే నిద్రలో కూడా మెలకువ వస్తుంది నాకు. అడవి అంచు ఊళ్లకు సబ్సిడీ కూడా ఉంది. కాగితాలకు తిరగాలి, అది మాత్రం ఝట్కా కంటే గట్టి దెబ్బ.

చిక్కు ఏమిటంటే బ్యాటరీలు ఎత్తుకుపోతారు. పందులు వచ్చేది రాత్రి, దొంగలు వచ్చేదీ రాత్రే. బ్యాటరీ ఇంటికి తెస్తే కంచె పనిచేయదు, అక్కడే వదిలితే బ్యాటరీ ఉండదు. అందుకే మంచె మీద పడుకోవాలి. మంచె మీద పడుకోవాలంటే పులి భయం. ఇట్లా తిరిగి తిరిగి అక్కడికే వస్తాం.

మనుబోతు చచ్చిన చేను వాడి దగ్గరికి ఇవాళ పోయాను. వాడు నా చిన్ననాటి దోస్తు, ఆ పొద్దున వాడితో మాట్లాడకుండా ఉన్నాను, అది మనసులో ఉండిపోయింది. ఇక్కడ వాచర్ తమ్ముడు రాసింది ఫోన్లో చదివి వినిపించాను. తెలుగు చదవడం వాడికి రాదు, మరాఠీ బడి. గోళ్ల దగ్గరికి వచ్చేసరికి "ఆపురా" అన్నాడు. కాసేపాగి "తర్వాత ఆ పిల్లగాడికి బెయిల్ వచ్చిందా" అని అడిగాడు. నాకు తెలియదన్నాను.

మా ఇద్దరి గెట్టు ఒకటే కాబట్టి నా మిషన్‌కే వాడి వైపు తీగ కలుపుదామని మాట్లాడుకున్నాం. బ్యాటరీ కొంచెం పెద్దది కొనాలి, సగం సగం. వంతులవారీగా మంచె.

మా మేనకోడలికి కూడా ఈ చర్చ లింకు పంపాను. సంక్రాంతికి వస్తానంది. పులిని చూపిస్తావా మామయ్యా అని అడిగింది. మంచె చూపిస్తానని చెప్పాను.

నల్లకుంట_పిట్ట | సాయంత్రం 7:05

అన్నా, ఆయన ఆ పాత తీగ తీసేశాడా మరి?

పాటన్‌బోరి_పత్తి | సాయంత్రం 7:22

తీశాడు. నా ముందే చుట్ట చుట్టి కొట్టంలో అటక మీద పెట్టాడు. పాత ఇనుముకు అమ్మెయ్యరాదా అంటే "ఉండనీ, బ్యాటరీ సంగతి చూద్దాం" అన్నాడు.